పసుపు అంటిన గాజు గొట్టం

నేను ఒక గాజు గొట్టాన్ని. చెప్పగానే మీ మొహం చిన్నబోవడం నాకు కనిపిస్తూనే ఉంది. రాజుగారి కిరీటమో, పాత నాణెమో, కనీసం తాతగారి సైకిలో మాట్లాడుతుందనుకుంటే, గొట్టమా అని కదూ? అనుకోండి. నా పొడవు రెండున్నర అడుగులు. పైన వెడల్పాటి పెదవి, కింద చిన్న కుళాయి, మధ్యలో అంతా ఖాళీ కడుపు. అయినా సరే, గంజాయి ఆకు గుట్టు విప్పినదాన్ని నేనే. నా కిందున్న రేకు ముక్క మీద ఆ ఘనత డాక్టర్ ఇప్పిలి తారకేశ్వరిదని రాశారు. అదీ నిజమే. ఆవిడ లేకపోతే నేను ఈపాటికి ఏ స్టోర్ రూములోనో కర్టెన్ మోస్తూ ఉండేదాన్ని. నేను లేకపోతే ఆవిడ గంజాయి రసం వైపు చూస్తూ కూర్చునేది. అందుకని ఇద్దరం సగం సగం.

నన్ను పుట్టించినాయన పేరు మదార్ సాహెబు. విశాఖపట్నంలో, సముద్రం వైపు తిరిగిన కొండవాలులో తూర్పుకొండ పరిశోధనశాల అని ఒకటుండేది. దాని వెనక రేకుల షెడ్డులో ఆయన గాజు ఊదేవాడు. గ్యాసు మంటలో గాజుని తిప్పుతూ, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని, బుగ్గలు బూరెల్లా పొంగించి ఊదేవాడు. గాజు వేడిగా ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నన్ను చల్లార్చి, వెలుతురుకి పట్టుకుని చూసేసరికి పెదవి కింద ఆవగింజంత బుడగ ఒకటి కనిపించింది. మరొకరైతే విరిచి పారేసేవారు. ఆయన దాన్ని వేలితో తడిమి, "ఉండనీ, దిష్టి తగలకుండా ఉంటుంది. ఊపిరి నేనిచ్చాను, నిటారుగా నిలబడడం నీ పని" అన్నాడు. ఆ మాట విని నాకు ఎంత గర్వమేసిందో! ఇప్పటికీ కొంచెం ఎక్కువే నిటారుగా నిలబడతానని అందరూ అంటారు.

నా మొదటి యజమాని అక్కడి వృక్షశాస్త్రం మేష్టారు. ఆయన నాలో బచ్చలాకు రసం పోసి, అది ఆకుపచ్చా పసుపూ పట్టీలుగా విడిపోవడం పిల్లలకి చూపించేవాడు. నా విద్య అదే, ముందే చెప్పేస్తాను, తర్వాత తికమక పడకండి. నా కడుపులో తెల్లటి మెత్తని పొడి దట్టిస్తారు. దాని మీద ఆకు రసం పోస్తారు. పైనుంచి ద్రావకం చుక్కచుక్కగా వదులుతారు. రసంలో కలిసిమెలిసి ఉన్న పదార్థాల్లో కొన్ని పొడిని పట్టుకుని వేలాడతాయి, కొన్ని తొందరపడి కిందికి జారిపోతాయి. ఒకటిగా పోసింది పదిగా విడిపోతుంది. కింద కుళాయి దగ్గర ఒక్కోదాన్నీ ఒక్కో సీసాలో పట్టుకోవడమే.

మేష్టారికి బదిలీ అయింది. ఆ తర్వాత వచ్చిన స్టోరు గుమస్తాకి కిటికీలోంచి ఎండ కొడుతోందట. నా నడుముకి గుడ్డ తొడిగి, రెండు మేకుల మధ్య అడ్డంగా పడుకోబెట్టాడు. నాలుగేళ్ళు కర్టెన్ మోశాను. నిటారుగా నిలబడమని పుట్టించినదాన్ని అడ్డంగా వేలాడదీస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. మనుషులు అంతే, చేతికి అందింది దేనికి పనికొస్తుందో చూడరు, ఆ పూటకి ఏం కావాలో అదే చూస్తారు.

ఒక సోమవారం పొద్దున ఆ స్టోరు గదిలోకి ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ముతక అంచు ఖద్దరు చీర, జడ నడుము దాకా, చేతిలో రాతపుస్తకం. సీసాలు అడగడానికి వచ్చినదల్లా తలెత్తి కిటికీ వైపు చూసి అలాగే నిలబడిపోయింది.

"గుమస్తాగారూ, మీరు కర్టెన్ కట్టింది దేనికో తెలుసాండీ?" అంది.

"కర్ర దొరక్క కట్టేనమ్మా."

"నేను మీకు వెదురు కర్ర తెచ్చిస్తాను. అది నాకివ్వండి."

మధ్యాహ్నానికల్లా నిజంగానే వెదురు కర్ర తెచ్చింది! ఆవిడే తారకేశ్వరి. నన్ను దించి, వేడినీళ్ళతో కడిగి, బుడగ మీద వేలు పెట్టి నవ్వింది. "ఇక్కడి దాకా పొడి పోయాలి. మంచి గుర్తు పెట్టారు ఎవరో" అంది. మదార్ సాహెబు వదిలేసిన లోపం ఆవిడ చేతిలో కొలతైపోయింది. ఆ క్షణంలోనే నేను ఆవిడకి అమ్ముడుపోయాను.

తారకేశ్వరిది పొందూరు, నేతగాళ్ళ ఇల్లు. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వుతారు, అందుకే ఆ దూది అంత నలుసు లేకుండా ఉంటుంది. వాళ్ళమ్మ దువ్వి పంపిన ఆ దూదినే ఆవిడ నా అడుగున బిరడాగా పెట్టేది, పొడి జారిపోకుండా. విదేశాల నుంచి వచ్చిన దూది ఉంటే అది పక్కన పడేసేది. చేప దవడతో దువ్విన దూది మీద గంజాయి రసం దిగడం ప్రపంచంలో నా ఒక్కదాని కడుపులోనే జరిగి ఉంటుందని నేను పందెం కాస్తాను.

ఇంత పెద్ద లోకంలో గంజాయే ఎందుకని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. ఆవిడ చెల్లెలు రాజరత్నానికి ఏడో ఏటి నుంచి మూర్ఛలు. ఊళ్ళో ఆకుమందు ఇచ్చే ముసలామె గంజాయి ఆకు పాలల్లో కాచి పట్టేది. కొన్నిసార్లు మూర్ఛ వారాల తరబడి వచ్చేది కాదు. కొన్నిసార్లు ఆ పిల్ల సాయంత్రం దాకా తల వాల్చేసి, పిలిచినా పలక్కుండా పడి ఉండేది. మూర్ఛకి భయపడాలో, మందుకి భయపడాలో ఇంట్లో వాళ్ళకి తెలిసేది కాదు. చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే తారకేశ్వరి తలలో ఒక ప్రశ్న పడింది. మత్తెక్కించేదీ మూర్ఛ ఆపేదీ ఒకటేనా? వేరువేరైతే వాటిని విడదీయొచ్చు కదా?

విడదీయడమంటే నా పనే కదండీ! నాకు కాలు నిలవలేదు. కాళ్ళు లేవనుకోండి, ఉంటే నిలిచేవి కావు.

ఎక్సైజు శాఖ వాళ్ళు పట్టుకున్న సరుకులోంచి కొంచెం ఇచ్చి, మూడేళ్ళకి అనుమతి రాశారు. ఇనుప బీరువాకి రెండు తాళాలు. ఒక చెవి ఆవిడ దగ్గర, ఇంకోటి పరిశోధనశాల పెద్ద ప్రొఫెసర్ చర్ల నరహరి గారి దగ్గర. ఊరంతా ఆవిణ్ణి గంజాయి డాక్టరమ్మ అనడం మొదలెట్టింది. ఒకసారి జడలు కట్టిన సాధువొకాయన గేటు దగ్గరికొచ్చి, "తల్లీ, మీ దగ్గర మేలురకం ఉందట" అని చిలుం చాపాడు. తారకేశ్వరి ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపింది.

మూడేళ్ళూ మా ఇద్దరికీ గంజాయి రసం చుక్కలు చూపించింది. నల్లగా, జిగటగా, తుమ్మబంకలా ఉండేది. ఎన్నిసార్లు పోసినా పట్టీలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయేవి. విడిపోయాయి అనుకున్నవి గిన్నెలో ఆరబెడితే మళ్ళీ జిగురే. రసాయనశాస్త్రంలో జిగురుని ఎవరూ నమ్మరు. నమ్మాలంటే అది స్ఫటికమై, పొడిపొడిగా మెరుస్తూ, ఎన్నిసార్లు కరిగించినా ఒకే వేడి దగ్గర కరగాలి. అనుమతి కాగితంలో చివరి వాక్యం కూడా అదే. ఫలానా శుక్రవారం లోపు ఒక్క శుద్ధ పదార్థమైనా చూపిస్తే అనుమతి పొడిగిస్తారు. లేకపోతే ఇన్‌స్పెక్టరు గారు వచ్చి బీరువాలో ఉన్నదంతా, దానిలోంచి తీసినదంతా తగలబెట్టిస్తారు. తగలబడేది ఆకు ఒక్కటే కాదు, రాజరత్నం కోసం ఆవిడ పెట్టుకున్న ఆశ కూడా.

ఆ ఏడు దసరా, ఆ శుక్రవారానికి మూడు వారాల ముందు వచ్చింది. రసం ఇక రెండే రెండు వాయిలు మిగిలింది. తారకేశ్వరి నన్ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డలో చుట్టి పండక్కి పొందూరు వెళ్ళింది. ఇప్పుడు వస్తున్నాడు చూడండి మా పైడయ్య.

పైడయ్య మా ప్రయోగశాల అటెండరు. యాభై దాటిన మనిషి, భీమిలి వైపు వాడు. చదువు లేకపోయినా ఏ సీసా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆయుధపూజ నాడు త్రాసుకీ, పొయ్యిలకీ, ఆఖరికి చీపురుకి కూడా బొట్టు పెట్టాడు. పెట్టి, గుడ్డలో ఉన్న నా వైపు చూశాడు.

"డాక్టరమ్మ ఆయుధం నువ్వేకదే. నిన్నొగ్గేస్తే అమ్మవారు ఊరుకుంటాదా" అన్నాడు.

గుడ్డ విప్పాడు. పసుపులో నువ్వులనూనె వేసి మెత్తగా కలిపాడు. నా పెదవిని గడప అనుకున్నాడో ఏమో, బయటా లోపలా చుట్టూ మందంగా రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. నిజం చెప్పనా? నాకు సంబరంగానే ఉంది. పుట్టినప్పటి నుంచి నాకు ఎవరూ పూజ చేయలేదు. లోపల రాయడం తప్పని నాకు తెలుసు, కానీ పొగిడేవాణ్ణి ఎవరాపుతారు? మర్నాడు ఉద్వాసన చెప్పి, డాక్టరమ్మ తిడుతుందేమోనని బయట వైపు గుడ్డతో గట్టిగా తుడిచాడు. లోపలి అంచున, బుడగకి పైన, సన్నటి పసుపు పొర అలాగే ఉండిపోయింది. మళ్ళీ తెల్లగుడ్డలో చుట్టి పెట్టేశాడు.

తారకేశ్వరి వచ్చింది. తనే కడిగి వెళ్ళిన గొట్టమాయె, మళ్ళీ కడగాలని ఎందుకు అనుకుంటుంది? దూది పెట్టింది, బుడగ దాకా పొడి దట్టించింది, రెండు వాయిల్లో ఒకటి పోసింది. నాకు పెదవి ఉంది గానీ మాట లేదు. ఉంటే అరిచి చెప్పేదాన్ని.

మొదట అంతా మామూలే, పాత పట్టీలే దిగాయి. ఆఖరున ఘాటు ద్రావకం పోసిందో లేదో, పైనుంచి ఒక బంగారు రంగు పట్టీ బయల్దేరింది! చక్కగా, అంచు చెదరకుండా, పట్టుచీర జరీలా దిగుతోంది. మూడేళ్ళలో అలాంటిది చూడలేదు ఆవిడ. కుళాయి కింద సీసా పెట్టి పట్టుకుంది. అందులో రెండు చుక్కల క్షారం వేసి చూసింది. ఎర్రగా తిరిగిపోయింది. గంజాయి పదార్థాలు క్షారంతో ఊదాగా తిరుగుతాయని అందరికీ తెలుసు. ఇలా నిప్పులా ఎర్రబడింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

నరహరి గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. పెద్దాయన, ఆయాసం ఉన్న మనిషి, పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"తారకం, ఇది కొత్త పదార్థమేనమ్మా. మన ఊరి పేరే పెడదాం, విశాఖిన్ అందాం" అన్నారు.

"ఇంకోసారి చూసి చెబుతానండి."

"ఇంకోసారి చూసేలోపు ఇంకెవరో చూస్తారు. నేను విదేశీ పత్రికకి ఉత్తరం రాసేస్తున్నా."

మధ్యాహ్నానికి మాడుగుల హల్వా వచ్చింది, అందరూ నా చుట్టూ నిలబడి తిన్నారు. నా ఫోటో కూడా తీశారు. లోపల నాకు గుబులుగా ఉంది, కానీ ఫోటో తీస్తున్నప్పుడు మాత్రం నిటారుగానే నిలబడ్డాను, దాచడమెందుకు.

మంగళవారం పొద్దున నరహరి గారు ఉత్తరం సంతకం చేసి, కవరు అంటించి, తపాలాలో వెయ్యమని పైడయ్యకి ఇచ్చారు. ఆ శుక్రవారమే ఇన్‌స్పెక్టరు గారు వచ్చేది. ఆయనకి ఎలా చూపించాలో సరిచూసుకుందామని సాయంత్రం తారకేశ్వరి పింగాణీ గిన్నెలో మళ్ళీ ఆ పసుపురంగు చుక్కలు వేసి, క్షారం కలిపింది. ఎర్రగా పొంగింది. పక్కన సీసాలు తుడుస్తున్న పైడయ్య వంగి చూశాడు.

"పారాణి కలిపేరేటమ్మా?" అన్నాడు.

"ఏంటి పైడయ్యా?"

"మా ఇంటిది పసుపులో సున్నం ఏసి కలిపితే ఇలాగే ఎర్రగా అవుతాది కదండీ. పెళ్ళికూతురి కాళ్ళకి రాస్తారు. అచ్చం అదే."

తారకేశ్వరి చేతిలో గాజుకడ్డీ ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, నా పెదవి లోపల వేలు పెట్టి తిప్పి, వేలి చివర చూసుకుంది. ఘాటు ద్రావకం కడిగినంత కడగగా ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"పైడయ్యా, దసరాకి దీనికి పసుపు రాశావా?"

"రాసేనండి. లోపలా పైనా రాసేను. ముందుగాల దీనికే రాయాలి కదండీ, మీకు కలిసి రావాలని." అతని మొహంలో తప్పు చేసినవాడి జాడే లేదు. చీపురుకి బొట్టు పెట్టినంత మామూలుగా చెప్పాడు.

వంటింటి పసుపుకొమ్ముని గంజాయి ఆకులో కనిపెట్టింది మరి తారకేశ్వరి! ఇంటింటా ఉన్నదానికి ఊరి పేరు పెట్టి, ప్రపంచానికి ఉత్తరం రాశారు. వెంటనే పక్కనున్న నరహరి గారి గదిలోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది, అంతా నాకు కనిపించింది, వినిపించింది.

ఆయన ముందు పైడయ్య మీద విరుచుకుపడ్డారు. రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఉత్తరం వెళ్ళిపోయిందమ్మా. శుక్రవారం ఇన్‌స్పెక్టరుకి ఆ పసుపుపచ్చదే చూపించు. అనుమతి వస్తుంది. తర్వాత నిదానంగా సర్దుకోవచ్చు. అతనికేం తెలుస్తుంది" అన్నారు.

"ఆయనకి తెలీదండి, నాకు తెలుసు" అంది తారకేశ్వరి. "నేను చెల్లెలికిచ్చే మందులో ఏముందో తెలుసుకోవడానికి ఇందులో దిగాను. మళ్ళీ అబద్ధమే కలిపి ఇవ్వమంటారా? పైడయ్యని పంపిస్తే నన్నూ పంపించండి. వాడు చెప్పబట్టి ఇవాళ తెలిసింది, లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ మాట విని నేను ఊగిపోయాను. స్టాండుకి బిగించారు గనక పడలేదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ పైడయ్య చొక్కా లోపల చెయ్యి పెట్టి కవరు తీశాడు. "బాబుగారూ, ఇయాళ మంగళారం కదండీ. మంచి పని మంగళారం మొదలెట్టకూడదని ఎయ్యనేదండి. రేపు ఏద్దామని అట్టేపెట్టేను" అన్నాడు.

ముందు నవ్వింది నరహరి గారే. ఆయాసమొచ్చేదాకా నవ్వి, కవరు తీసుకుని నాలుగు ముక్కలు చేశారు. ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అయితే మిగిలింది మూడు రోజులు, ఒక్క వాయి. బుధవారం తెల్లవారగానే తారకేశ్వరి నన్ను ఏడుసార్లు కడిగింది. ప్రతిసారీ కడిగిన నీళ్ళలో క్షారం వేసి ఎర్రబడుతుందేమోనని చూసింది. ఏడోసారి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. వాళ్ళమ్మ దూది పెట్టింది. పొడి బుడగ దాకా పోసింది. ఆఖరి వాయి రసం సన్నటి ధారగా, గోడకి తగలకుండా, ఊపిరి బిగబట్టి వదిలింది. పోసి, నా మీద చెయ్యి వేసి, "ఈసారి నువ్వే చూసుకోవాలి" అంది. నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

చూసుకున్నాను! ఎప్పుడూ నిమిషానికి ముప్ఫై చుక్కలు వదిలే కుళాయిని ఆవిడ ఆ రోజు పది చుక్కలకి తగ్గించింది. మూడేళ్ళుగా మా తప్పు తొందరేనని పసుపు పట్టీని చూశాకే ఆవిడకి తట్టింది. అది అంత చక్కగా దిగింది నింపాదిగా దిగినందుకే. పది చుక్కల లెక్కన పొద్దున్నించి దీపాలు పెట్టేవేళ దాకా ఆవిడ కుళాయి ముందు నుంచి లేవలేదు. పైడయ్య నిమ్మకాయ పులిహోర తెచ్చి పక్కన పెట్టి, రెండడుగులు దూరంగా జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పసుపు ఉంది కదా అందులో, దగ్గరికి రావడానికి భయపడ్డాడు పాపం. నాలో పట్టీలు ఈసారి ఒకదాన్నొకటి తోసుకోలేదు. ఎక్కడివి అక్కడ, మధ్యలో తెల్లటి ఖాళీ వదిలి, వరసగా దిగాయి. మూడో సీసాలోకి దిగినదానికి రంగే లేదు.

గురువారమంతా ద్రావకాన్ని నెమ్మదిగా ఆవిరి చేసింది. మిగిలింది తేనెలాంటి నూనె. శుక్రవారం పదింటికి ఇన్‌స్పెక్టరు గారు గొడుగుతో సహా వచ్చారు. మితభాషి, మర్యాద తెలిసిన మనిషి. వెనకాల ఇద్దరు జవాన్లు, పెరట్లో కిరసనాయిలు డబ్బా.

"మేడమ్, ఇది శుద్ధంగానే ఉండొచ్చు. కానీ జిగురుగా ఉన్నదాన్ని స్ఫటికమని నేనెలా రాయనండి?" అన్నారు.

"రెండు గంటలు టైమివ్వండి."

"మధ్యాహ్నం దాకా కూర్చుంటాను" అని కుర్చీ లాక్కున్నారు.

చల్లబరచాలి. మా పరిశోధనశాలలో మంచు చేసే యంత్రం చెడిపోయి నెల అయింది. పైడయ్య మాట్లాడకుండా సైకిలెక్కాడు. చేపలరేవుకి వెళ్ళి, వంజరాల మీద కప్పే ఐసు గోనెసంచిలో కట్టించుకుని, చెమటలు కారుతూ వచ్చాడు. గదంతా చేపల కంపు. ఇన్‌స్పెక్టరు గారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు గానీ లేవలేదు. తారకేశ్వరి సీసాని ఐసులో కూర్చోబెట్టి, కొంచెం ద్రావకం పోసి, గాజుకడ్డీతో సీసా లోపలి గోడని గీకడం మొదలెట్టింది. అలా గీకితే ఒక్కోసారి స్ఫటికం కట్టడానికి పట్టు దొరుకుతుంది. కర్, కర్, కర్. గడియారం పదకొండు కొట్టింది. పన్నెండు కొట్టింది. పెరట్లో జవాన్లు ఆకు కుప్ప పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. దేవుడి పేరేమో అనుకున్నాను, కాదు, చెల్లెలి పేరు.

అప్పుడు కడ్డీ గీసిన చోట తెల్లగా ఒక నలుసు నిలబడింది. ఆవిడ చెయ్యి ఆపేసింది. నలుసులోంచి సూది మొలిచింది, సూదిలోంచి ఇంకో సూది, చూస్తుండగానే సీసా అడుగంతా మల్లెపువ్వు విచ్చినట్టు తెల్లటి సూదులతో నిండిపోయింది! ఇన్‌స్పెక్టరు గారు రుమాలు తీసేసి, కుర్చీలోంచి లేచి, సీసా మీదికి వంగారు.

"ఇది ఇందాక లేదు" అన్నారు.

"ఇందాకా ఉందండి. విడిగా లేదు, అంతే" అంది తారకేశ్వరి. అని, పైడయ్య వైపు తిరిగి, మొహం కొంగులో పెట్టుకుని ఏడ్చేసింది. కిరసనాయిలు డబ్బా మూత తియ్యకుండానే జవాన్లు తిరిగి వెళ్ళిపోయారు.

ఆ తెల్లటి సూదులు ఎలుకలకిస్తే అవి మత్తులో పడలేదు. మామూలుగా తిరిగాయి, మూర్ఛలు తెప్పించినా తక్కువగా వచ్చాయి. మత్తెక్కించేది ఏడో సీసాలో విడిగా దొరికింది. రెండూ ఒకటి కాదు! తారకేశ్వరి రాసిన వ్యాసం ఈసారి నిజంగానే విదేశాలకి వెళ్ళింది, బుధవారం నాడు. ఒకరోజు రాజరత్నం స్వయంగా చూడడానికి వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇదేనా అక్కా? మరి నాకెప్పుడిస్తావు?" అంది. మనుషులకివ్వాలంటే ఇంకా ఏళ్ళ పని ఉందని తారకేశ్వరి దాచకుండా చెప్పింది. "సరేలే, నీకు నిదానం ఇప్పుడే వచ్చింది, నాకు ముందే ఉంది" అంది ఆ పిల్ల. ముసలామె కాచే పాలు మాత్రం ఆ రోజు నుంచి మానేసింది.

ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు పని చేశాను. ప్రయోగశాల తలుపు మీద ఆవిడ స్వయంగా ఒక బోర్డు రాసి పెట్టింది, లోపలికి పసుపు తేరాదని. దాంతో డాక్టరమ్మ నాస్తికురాలని ఊళ్ళో పుకారు పుట్టింది. ఆవిడ సమాధానం చెప్పలేదు. పైడయ్య మాత్రం ప్రతి దసరాకీ ఆ బోర్డుకే బయట వైపు బొట్టు పెట్టి, గుమ్మంలోంచి నాకు దణ్ణం పెట్టేవాడు. రిటైరైన ఏడాది కూడా పని కట్టుకుని వచ్చి పెట్టి వెళ్ళాడు. ఆ మరుసటి దసరాకి రాలేదు. ఇక రాడని ఆ సాయంత్రం తారకేశ్వరి కళ్ళు చూశాక తెలిసింది.

తర్వాత ఒక యంత్రం వచ్చింది, అల్మారా అంత. గంటలో నా వారం పని చేసేది. నాకు ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. నా కుళాయి కారడం మొదలెట్టాక నన్ను కడిగి, వరండాలో అద్దాల బీరువాలో నిలబెట్టారు. నిటారుగానే.

ఆవిడ రిటైరైన రోజు అక్టోబరులో పడింది. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక్కతే వచ్చింది. జడ తెల్లబడింది, చీర మాత్రం అదే పొందూరు ఖద్దరు. బీరువా తలుపు తీసింది. చేతిసంచిలోంచి చిన్న గిన్నె తీసి, పసుపులో నువ్వులనూనె వేసి కలిపింది. నేను గతుక్కుమన్నాను. ఆ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళుగా పసుపు గడప దాటలేదు.

"పైడయ్యలా రాయడం నాకు చేతకాదు" అంది. బయటా లోపలా, చుట్టూ, గడపకి రాసినట్టు నా పెదవికి రాసింది. బుడగ మీద కూడా కొంచెం అంటింది. మూడు బొట్లు పెట్టింది. చెయ్యి తుడుచుకోకుండానే తలుపు వేసి వెళ్ళిపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు, నా పని అయిపోయిందని. ఏడవాలనిపించింది. పూజ జరిగిందని పొంగిపోవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, వాటిని విడదీయడం నా వల్ల కాలేదు.

ఆ పసుపు ఇప్పటికీ నా పెదవి మీదే ఉంది. కిందికి దిగలేదు. దింపడానికి ఆ తర్వాత ఎవరూ నాలో ఏమీ పొయ్యలేదు.